లేతు మేష్టారితో పద్దెనిమిదేళ్ల తగాదా

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్న పదిన్నరకి, మా పాలిటెక్నిక్ పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో "వర్క్‌షాప్ మేష్టారు ఇక లేరు" అని కనబడింది. శృంగవరపుకోటలో, సొంతింట్లో, నిద్రలోనే పోయారట. నిమిషం తిరక్కుండా దండం పెట్టే చేతుల బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి. వాటి మధ్యలో ఎవరో రాశారు: "ఆడపిల్లలను ఎంతగానో ప్రోత్సహించిన మహానుభావుడు."

చదివి నాకు ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది. ప్రోత్సహించిన మాట నిజమే. ఎందులో ప్రోత్సహించారన్నదే మా ఇద్దరికీ పద్దెనిమిదేళ్లుగా నడిచిన తగాదా. ఏడుపు సాయంత్రం బస్సులో వచ్చింది. పక్క సీటావిడ మంచినీళ్ల సీసా ఇచ్చింది.

ఆయన్ని ఎరగనివాళ్ల కోసం చెబుతాను. పొట్టి మనిషి, చెవి మీద సుద్దముక్క, మోచేతుల దాకా మడిచిన ఖాకీ చొక్కా. టీ సాసర్లో పోసుకుని తాగేవారు. తాగుతున్నంతసేపూ ప్రిన్సిపాల్ వచ్చి పిలిచినా పలికేవారు కాదు. లేతు మీద ఇనుప కడ్డీని చెక్కి తెచ్చి "సుమారుగా సరిపోయింది సార్" అన్నవాడికి మూడినట్టే. "సుమారు అన్నది సంతలో మాట నాయనా. ముందు కొలిసి, అప్పుడు మాటాడు" అనేవారు. ఎవరి మీదా గొంతు పెంచగా నేను వినలేదు. కోపమొస్తే గొంతు ఇంకా తగ్గేది, అదే మాకు భయం.

మా క్లాసులో మెకానికల్ బ్రాంచికి అరవైమందిమి. నలుగురికో లేతు, అంటే పదిహేను జట్లు. ఆడపిల్లలం పదకొండుమందిమి. మమ్మల్ని మేష్టారు జట్టుకి ఒకర్తె చొప్పున సర్దారు. ఆడపిల్ల దక్కని నాలుగు జట్ల కుర్రాళ్లూ మొహాలు వేలాడేసుకున్నారు. మరేం లేదు, రికార్డు రాసేవాళ్లు లేకుండా పోయారని వాళ్ల బాధ. చేసిన ప్రతి పనికీ బొమ్మ గీసి, కొలతలు వేసి, ఏ వరసలో ఏం చేశామో రాసే పుస్తకం అది. దానికి మార్కులుండేవి. అబ్బాయిలు లేతు తిప్పేవారు. మేం పక్కన స్టూలు మీద కూచుని రాసేవాళ్లం. ఎవరూ మమ్మల్ని కూచోమని ఆజ్ఞ వెయ్యలేదు. మేష్టారు ఆ స్టూళ్లు కార్పెంటరీ షాపులో ప్రత్యేకంగా చేయించారు, మాకు కాళ్లు నొప్పెడతాయని.

మా ఊరు ఎచ్చెర్ల దాటాక సముద్రం ఒడ్డున. అయ్య వేటకెళ్లేవాడు, అమ్మ గంప ఎత్తి ఊరూరా చేపలమ్మేది. మా ఇంట్లో నా చేతిరాత చూసి మురిసేవాళ్లు లేరు, ఎందుకంటే చదవగలిగేవాళ్లు లేరు. అలాంటిదాన్ని పట్టుకుని మేష్టారు, బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్‌కి నా రికార్డు చూపించి "ముత్యాలు కదండీ" అన్నారు. ఆ రోజు నేను హాస్టల్‌కి నడిచి వెళ్లలేదు, తేలి వెళ్లాను. ఇది దాచి తరవాతి సంగతి చెబితే ఆయనకి అన్యాయం చేసినట్టు.

డిప్లొమా అవగానే కొత్తవలస దగ్గర ఒక ఫ్యాక్టరీలో చేరాను. మా జట్టులో లేతు తిప్పిన అబ్బాయీ అదే రోజు, అదే జీతానికి చేరాడు. అతన్ని మెషిన్ షాపులో వేశారు. నా రాత చూసి నన్ను క్వాలిటీ కాగితాలు రాసే గదిలో వేశారు. అందులో ఏసీ ఉండేది. మా అమ్మ ఆ సంగతి ఊరంతా చెప్పుకుంది. మూడేళ్లు తిరిగేసరికి అతని జీతం నాదానికి ఒకటిన్నర రెట్లయింది. అతను మంచివాడు, పనిమంతుడు. చెడ్డవాడైతే నా పని తేలికయ్యేది.

అప్పుడు మొదటిసారి మేష్టారి దగ్గరికి వెళ్లి ఎందుకిలా అని అడిగాను. ఆయన సాసరు కింద పెట్టేదాకా ఆగాను.

"షాపులోకి మార్చమని అడిగావేటి?"

"అడగలేదు."

"జీతం పెంచమని?"

"అదీ అడగలేదు."

"మరి అడగందే అమ్మయినా పెట్టదు కదే."

ఆ మాటకి జవాబు బస్సెక్కాక దొరికింది: అతనూ అడగలేదు కదా, అడక్కుండానే వచ్చింది కదా. జవాబు చెప్పడానికి మళ్లీ వెళ్లాను. అలా మొదలైంది. ఆయన రిటైరై సొంతూరు శృంగవరపుకోట చేరుకున్నాక కూడా రెండు మూడు నెలలకోసారి వెళ్లి తగాదా పడి వచ్చేదాన్ని. కొందరు గుడికెళ్లినట్టు అనుకోండి.

ఆయనవి గాలి మాటలు కావు. ఆడపిల్లలకి యంత్రాల మీద మక్కువ తక్కువ అనేవారు. రాత్రి షిఫ్టులు వద్దంటారు, పిల్లలు పుట్టాక సెలవులు ఎక్కువ అనేవారు. నేనూ పాప పుట్టాక రాత్రి డ్యూటీ వద్దన్నాను, కాదనను. పాపకి జ్వరమొస్తే సెలవు పెట్టింది నేనే, మా ఆయన కాదు. ఎందుకు? నా జీతం తక్కువ కనక నేను ఆగిపోతే ఇంటికి నష్టం తక్కువ. జీతమెందుకు తక్కువ? సెలవులు ఎక్కువ కనక. ఇది చెబితే ఆయన నవ్వి, "ఇది గానుగే పిల్లా. ఎద్దు ఎక్కడ మొదలెట్టిందో సెప్పు సూద్దాం" అన్నారు. మొదలు దొరక్క ఇద్దరం భోజనానికి లేచాం.

ఒకసారి మా అమ్మని వెంటబెట్టుకెళ్లాను. ఆవిణ్ణి చూడగానే మేష్టారికి సాక్ష్యం దొరికినట్టయింది.

"సూడమ్మా, మీ ఇళ్లల్లో మగోలు ఏటకెల్తారు, ఆడోలు అమ్ముతారు. ఎవుడూ బలవంతం సెయ్యలేదు. ఎవులి పని ఆలది. ఫ్యాక్టరీలోనూ అంతే కదా?"

అమ్మ నోట్లో చుట్ట తీసింది. "మేష్టారు బాబూ, మమ్మల్ని పడవ ఎక్కనివ్వరు. ఆడది ఎక్కితే సముద్రం ఒప్పుకోదంట. సముద్రాన్ని అడిగినోడు ఎవుడు?"

మేష్టారు టీ సాసర్లో పోసుకున్నారు. ఆ రోజు ఆ టీ చాలాసేపు తాగారు. తిరిగొస్తూ బస్సులో అమ్మ అంది, "మంచోడేనే. కాని మంచోలకి కూడా సెప్పాల."

మూడేళ్ల కిందట మా మెషిన్ షాపులో షిఫ్టు ఇన్‌ఛార్జి పోస్టు ఖాళీ అయింది. క్వాలిటీలో తప్పులు పట్టడంలో నాకు పేరుంది కనక పైవాళ్లు నన్ను అడిగారు. పోస్టు ఖాళీ ఏప్రిల్ నుంచి, ఈలోగా ఆలోచించుకోమని రెండు నెలలిచ్చారు. నేను వద్దనుకున్నాను. వద్దంటే నేను రిటైరయ్యేదాకా ఆ కాగితాల గదే. మళ్లీ నన్ను ఎవరూ అడగరు. ఆ సంగతి తెలిసే వద్దనుకున్నాను. మేష్టారికి చెప్పడానికి వెళ్తూ, ఈసారి ఆయనదే గెలుపని దారంతా కుమిలిపోయాను.

"సూసావా," అన్నారు అనుకున్నట్టే. "ఇచ్చినా ఒద్దంటన్నావు. నేను సెప్పేది ఇదే కదా. సరే, ఎందుకొద్దు?"

"భయం మేష్టారూ."

"ఏటి భయం? లేతు నీకు కొత్తా?"

"కొత్తే. మరలు కోయడం నాకు రాదు. ఒక్కసారి కూడా కొయ్యలేదు."

కడ్డీ మీద బోల్టుకి ఉండేలాంటి మరలు కోయడం లేతు పనిలో పరీక్షలాంటిది. తిరిగే డయలు మీద గీత గుర్తుకి వచ్చిన క్షణానికి లీవరు వెయ్యాలి, చివర్న టక్కున టూల్ వెనక్కి లాగాలి. అది రానివాళ్లని షాపులో ఎవరూ లెక్కచెయ్యరు.

"కొయ్యకపోడమేటి? నా దగ్గిర మూడేళ్లు సదివావు."

"కోసింది మా జట్టు అబ్బాయి. నేను రాశాను."

"పరీక్షలో?"

"ఆ రోజు కరెంటు పోయింది మేష్టారూ. మా ఆడపిల్లలందర్నీ వైవా అడిగి పంపేశారు."

"మరి పాస్ ఎలా సేసాను?"

"రికార్డు బాగుందని."

ఆయన ఒక్కొక్క వేలే మడుస్తున్నారు. ఏం లెక్కపెడుతున్నారో ముందు నాకు అర్థం కాలేదు. పేర్లు. ఏడాది వెంట ఏడాది, ఆయన దగ్గర చదివిన ఆడపిల్లల పేర్లు. రెండు చేతులూ అయిపోయాయి, మళ్లీ మొదలుపెట్టారు.

"మర కోసిన ఆడపిల్ల ఒకర్తి కూడా గుర్తు రాటం లేదే," అన్నారు. గొంతు బాగా తగ్గిపోయింది. "నేను మంచికే సేసాను. మీ జడలు, సున్నీలు సూస్తే నాకు గుండె దడ. గిరగిరా తిరిగే సక్‌లో పడితే ఏటి గతి?"

"ఖాకీ చొక్కా, తలకి టోపీ ఇస్తే సరిపోయేది కదా మేష్టారూ."

పద్దెనిమిదేళ్ల తగాదాలో నాకు నిజంగా కోపం వచ్చింది అప్పుడే. ఆ మొహం చూశాక దాన్ని ఏం చేసుకోవాలో తెలీక, వంటింట్లోకి వెళ్లి తాగిన గ్లాసులు కడిగాను.

వచ్చిన ఆదివారం ఆయనే ఫోన్ చేసి రమ్మన్నారు. ఊళ్లో ఆయన పాత శిష్యుడికి ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డుంది, అందులో ఒక పాత లేతుంది. ఆదివారం షెడ్డు మూత. తాళం మేష్టారే తీశారు. తనది ఒక ఖాకీ చొక్కా తెచ్చి నాకిచ్చారు. నాకు బిగుతైంది, ఆయన పొట్టి కదా. ఏడు ఆదివారాలు కొత్తవలస నుంచి బస్సెక్కి వెళ్లాను. అప్పటికే ఆయనకి ఆయాసం. కుర్చీలో కూచుని చూసేవారు తప్ప వచ్చి చెయ్యిపెట్టేవారు కాదు. మొదటి నాలుగు వారాలు కడ్డీలు తగలేశాను. ఒకసారి లీవరు వెయ్యడం ఆలస్యమై, అప్పటిదాకా కోసిన మరంతా నలిగిపోయింది. కన్నీళ్ల పర్యంతమయ్యాను.

"మీరొకసారి చేసి చూపించండి మేష్టారూ."

"సూపించను. నేను సేస్తే నువ్వు సూస్తావు. అదయితే సిన్నప్పుడే సూసావు."

అయిదో వారం, నేను కోసిన మర మీద నట్టు చివరిదాకా ఎక్కింది. నేను పొంగిపోయి ఆయనకేసి చూశాను. "ఇంకోటి కొయ్యి" అన్నారు.

ఏప్రిల్‌లో పోస్టు తీసుకున్నాను. తగాదా మాత్రం తెగలేదు, ఆయన అంత సులువుగా ఒప్పుకునే మనిషి కాదు. "సగం తప్పు నాది. ఒప్పుకుంటన్నాను. మిగతా సగం ఏటన్నది ఇంకా తేలాల" అనేవారు. మా షాపులోకి రమ్మంటే ఇద్దరమ్మాయిలు మనస్ఫూర్తిగా వద్దన్నారని నేనే వెళ్లి చెప్పాను, దాచలేదు. "సూసావా" అన్నారు హుషారుగా. ముందు వాళ్ల చేత ఎవరైనా కోయించి, అప్పుడు అడగాలి కదా అన్నాను. అదీ నిజమే అన్నారు. ఎవరి మాట ఎంత నిజమో ఇప్పటికీ నాకు తెలీదు. తెలిసినట్టు మాట్లాడేవాళ్లని చూస్తే ఆయనకి ఒళ్లుమంట, నాకూ అదే అంటుకుంది.

ఆఖరిసారి చూసింది పోవడానికి రెండు నెలల ముందు. మంచం కిటికీ పక్కకి జరిపించుకున్నారు. మాట్లాడితే దగ్గు. అయినా ఫ్యాక్టరీ సంగతులు అడిగారు. కొత్తగా చేరిన ట్రైనీ జట్లలో రికార్డు వంతులవారీగా రాయిస్తున్నానని, ఒక కుర్రాడి రాత పీత నడిచినట్టుందని చెబితే నవ్వబోయి దగ్గారు. తరవాత అడిగారు.

"నీ జీతం ఆడితో సమానం అయ్యిందేటి?" ఆడంటే నా జట్టు అబ్బాయి. ఇప్పుడతను ఇంకో షాపులో ఇన్‌ఛార్జి, నాతో సమానమైన పోస్టే.

"లేదు మేష్టారూ. ఇంకా తక్కువే."

"ఎందుకంట?"

"షాపులోకి నేను ఆలస్యంగా వచ్చానంట. అనుభవం లెక్కలో పద్దెనిమిదేళ్లు వెనకున్నానంట."

ఆయన కళ్లు మూసుకున్నారు. నిద్రపోయారేమో అనుకున్నాను.

"ఆ ఆలస్యం నాది కదేటి," అన్నారు.

కాదు మేష్టారూ అనాలని నోటిదాకా వచ్చింది. అబద్ధమని ఆయనకీ తెలుసు, అందుకని మింగేశాను. ఆయన చెయ్యి తీసుకుని నా ఒళ్లో పెట్టుకున్నాను. అంతకు ముందెప్పుడూ ఆయన్ని ముట్టుకోలేదు.

కిటికీలోంచి పక్కింటి డాబా కనిపిస్తోంది. మిట్టమధ్యాహ్నం ఎండ. ఒకావిడ చీర కుచ్చిళ్లు దోపుకుని, నీళ్ల ట్యాంకు పైపుకి గుడ్డపేలిక చుట్టి, రెంచితో బిగిస్తోంది. మేష్టారు తల కొంచెం ఎత్తారు. ఇద్దరం అలా చూస్తూనే ఉన్నాం. ఆవిడ ఆగి, చెంగుతో మొహం తుడుచుకుని, కిందికి వంగి చూసింది. పైపు ఇంకా కారుతోంది.

"ఇంకో అర సుట్టు తిప్పమ్మా," అన్నారు మేష్టారు, ఆవిడకి వినబడదని తెలిసీ.