వాల్వుకు పెట్టిన బొట్టు

సైకిల్ గాలి పోతే మీరు మొదట ఎవరిని అనుమానిస్తారు, ముల్లునా, పక్కింటి మనిషినా?

నారాయణపేటలో చీరలు నేసే మా బావ పక్కింటి మనిషినే అనుమానించాడు. తెలంగాణ వచ్చిన కొత్తలో ఆయన ఓ సైకిల్ కొన్నాడు. ఆయన మగ్గానికి నూలు కండెలు చుట్టి బతికే పక్కింటామె దాన్ని చూసి, మంచిగుందని మెచ్చుకుంది. ఆ వారమే వెనక చక్రం మెత్తబడింది. దుకాణంలో ట్యూబును నీళ్లలో ముంచి చూసి చిల్లు లేదన్నారు. చిల్లు లేకుండా గాలి పోయిందంటే బావ లెక్కలో కేసు తేలిపోయినట్టే. హ్యాండిల్‌కు నిమ్మకాయ, మిరపకాయలు వేలాడాయి. ఇరుసుకు నల్లదారం చుట్టుకుంది. గాలి మాత్రం నిలవలేదు. చివరికి ఆమెకు కండెలు చుట్టే పని ఇవ్వడం మానేశాడు.

నేను దేవరకొండ నుంచి వెళ్లినప్పుడు అక్క ఈ సంగతి గొంతు తగ్గించి చెప్పింది. గోడ అవతల ఆమెకు పని లేదు, పొయ్యి సరిగా వెలగడం లేదు. నేను వాదనకు దిగాను. ఆమె దిష్టి అంత గట్టిదైతే ముందు చక్రాన్ని ఎందుకు వదిలిందని అడిగాను. బావ తొణకలేదు.

"ఆమె నిలబడ్డది ఎనక దిక్కే గద, బామ్మర్ది."

మూఢనమ్మకాల మీద సభల్లో ఎందరితోనో వాదించాను కానీ ఇంత పకడ్బందీ జవాబు వినలేదు. వెనక చక్రానికి గాలి కొట్టి, వేలితో కాస్త ఉమ్మి తీసి వాల్వు మీద రాశాను. బుడగలు లేచాయి. విప్పితే లోపలి రబ్బరు గొట్టం ఎర్రగా ఉంది. బరువంతా మోసేది వెనక చక్రమేనని బావ ప్రతి శుక్రవారం దాని వాల్వు మూత తీసి మరీ కుంకుమ పెడుతున్నాడు. ఆ తర్వాత పంపు కొడుతున్నాడు. కుంకుమ గాలితో పాటు లోపలికి పోయి రబ్బరును మూసుకోనివ్వడం లేదు.

కొత్త రబ్బరు తొడిగాం. మర్నాడు టైరు రాయిలా ఉంది. బావ దాన్ని నొక్కి చూసి హ్యాండిల్ వైపు తిరిగాడు.

"నిమ్మకాయ కట్టినందుకే గింతతోని పోయింది."

"గట్లయితే ఆమెను పిలువు. లేకుంటే కండెలు నువ్వే సుట్టుకో" అంది అక్క.

బావ గోడ దగ్గరికి వెళ్లి పిలిచాడు. ఆమె వెంటనే రాలేదు. అవతలి నుంచే అడిగింది.

"సైకిల్ దిక్కు సూసుకుంట రావాల్నా, సూడకుంట రావాల్నా అన్నా?"

బావ కండెల బుట్ట గోడ మీదుగా అందించాడు.

మీ చక్రం మెత్తబడినప్పుడు పొరుగింటి తలుపు వైపు వేలు చూపకండి. ఆ వేలికి కాస్త ఉమ్మి రాసి, ముందు వాల్వు మీద పెట్టి చూడండి.