గొర్రెల్ని వెనక్కి అడిగిన అంకుల్

మా పక్కింటి అంకుల్ పోయారు. పోయిన ఆదివారం పొద్దున ఆంటీ ఫెన్స్ అవతల నుంచి పిలిచి, "మీ అంకుల్ ఇక లేరమ్మా" అన్నారు. కొన్నాళ్లుగా ఆయన మంచం మీదే ఉన్నారు. అయినా ఆ మాట వినగానే ఫెన్స్ చుట్టూ తిరిగి వాళ్లింటికి పరిగెత్తాను.

దేశం కాని దేశంలో మేముండే ఊరు ఆల్బనీ. ఇక్కడ మా వీధి చివర పెద్ద గడ్డి మైదానం ఉంది, అందరిదీ. రిటైరయ్యాక అంకుల్ రోజూ అక్కడికే వెళ్లేవారు, జేబులో వేయించిన శెనక్కాయలతో. నేను గట్టిగా మాట్లాడితే, "మెల్లగా అమ్మా, ఇక్కడ మనం చుట్టాలం" అనేవారు. గడ్డిలో పిపిట్లుండేవి. పిచ్చుకకంటే కాస్త పెద్దవి, గోధుమరంగు పిట్టలు. తోక ఆడిస్తూ నేల మీదే పరిగెత్తేవి, నేల మీదే గూడు కట్టేవి. నాకు వాటిని చూపించింది ఆయనే.

అక్కడ ఒక రైతు గొర్రెలు మేసేవి. ఓసారి గొర్రె కాలి కింద ఒక గూడు నలిగిపోవడం అంకుల్ చూశారు. ఆ బాధతో గొర్రెలు వద్దని ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించారు. కౌన్సిల్, అంటే ఇక్కడి మున్సిపాలిటీ, మైదానాన్ని రక్షిత ప్రాంతం చేసి, గొర్రెల్ని పంపించేసింది. ఆంటీ వీధంతా పాయసం పంచారు.

తర్వాత గడ్డి నడుమెత్తు పెరిగి, వాలి, పరుపులా కమ్మేసింది. పరిగెత్తే చోటు లేక పిపిట్లు వెళ్లిపోయాయి.

"అనంతపురంలో గొర్రెల మధ్య పెరిగినోణ్ణి," అన్నారొక సాయంత్రం. "మేసేవి లేకపోతే గడ్డి ఏమవుతుందో నాకు తెలియదామ్మా?"

"మంచికే చేశారు కదా అంకుల్."

"మంచికే. ఆ సంగతి పిట్టలకేం తెలుసు?"

మళ్లీ అవే గుమ్మాలెక్కారు, ఈసారి గొర్రెలు కావాలని. "వద్దన్నది మీరే కదా!" అని నవ్వేవాళ్లు. "నేనే. తప్పు చేశాను" అనేవారాయన, తల దించుకోకుండా.

కౌన్సిల్ సగం మైదానానికి ఒప్పుకునేసరికి ఆయన మంచం పట్టారు. గొర్రెలు దిగాయని చెబితే, "పిట్టలొచ్చాయా?" అని అడిగారు. ఇంకా లేదన్నాను. వచ్చాయని చెప్పి ఉంటే బావుండేదేమోనని ఇప్పుడనిపిస్తోంది. ఆయన కళ్లు మూసుకుని, "వాటికీ టైం పడుతుందిలే" అన్నారు.

నిన్న ఆంటీ అడిగితే కార్లో మైదానానికి తీసుకెళ్లాను. ఆవిడ కారు దిగలేదు. అద్దం దించి, చెవి అటు పెట్టి చాలాసేపు కూర్చున్నారు. గొర్రెలు గడ్డి కొరికే చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.