పెద్దక్షరాల్లో దయ్యం

గోడమీది కాగితం ముందు మీరు ఎందుకు ఆగుతారు? అందులో నిజం ఉందనా, అక్షరాలు పెద్దగా ఉన్నాయనా? ఎనభైల తొలినాళ్లలో జహీరాబాద్‌లో మేం కొందరు హేతువాద యువకులం మొదటిదే కారణమని గట్టిగా నమ్మేవాళ్లం. నిజం చెప్పడానికి అలంకారాలు అక్కర్లేదని నా సిద్ధాంతం. అందుకే దయ్యాలు లేవని చెప్పే మా మొదటి సభ కరపత్రంలో శీర్షిక లేదు, పేరా విరుపు లేదు, మొదటినుంచి చివరిదాకా ఒకటే సైజు. బస్టాండు గోడమీద సర్కసు కాగితానికీ మొలల వైద్యుడి కాగితానికీ మధ్య అది చీమల బారులా ఉండేది. సభకు మా బావ వచ్చాడు (అక్క పంపింది), వానకు తడవకుండా ఒక సైకిలాయన వచ్చాడు. వాన ఆగగానే ఆయన వెళ్లిపోయాడు.

సభ జరిగింది మా చిన్నాయన ఖాళీ గోదాములో. రెండో సభకు అడిగితే ఆయన తేల్చి చెప్పాడు. "ఈసారి గూడ గోడలకే చెప్తే, ఇగ సభ లేదు గిభ లేదు, అల్లం బస్తాలు దింపుకుంట."

నా రెండో కరపత్రం చూసి బావ నిట్టూర్చాడు. "బామ్మర్దీ, బస్సు కోసం ఉరికెటోడు గిదంత చదువుతడా? ఒక్క మాట పెద్దగ కొట్టియ్యి. ఎక్కడ, ఎప్పుడన్నది జర లావుగ పెట్టు. మిగిలింది కింద రాసుకో." మనసు చంపుకుని ఒప్పుకున్నాను. ప్రెస్సులో ఉన్న అన్నిటికన్నా పెద్ద అచ్చులో 'దయ్యం' అని వేయించాను. కింద లావు అక్షరాల్లో వేళ, చోటు. అది లేదనే సంగతి మాత్రం (సిద్ధాంతం కదా, వివరంగా చెప్పాలి) అడుగున చిన్నక్షరాల్లో.

ఆ సాయంత్రం గోదాము నిండిపోయింది. కోహీర్ బస్సు దిగినవాళ్లు, చెరకు తోటల నుంచి నేరుగా వచ్చినవాళ్లు, కొంగున నిమ్మకాయలు కట్టుకున్న ఆడవాళ్లు. నేను ఉప్పొంగిపోయి ఉపన్యాసం అందుకున్నాను. ముందు వరసలోని ఒక అవ్వ కాసేపు ఓపిక పట్టి అడిగింది.

"దయ్యం ఎప్పుడొస్తది కొడుకా?"

"రాదవ్వా. అది లేనే లేదు."

"లేకుంటే గంత పెద్దగ ఎందుకు రాసిన్రు?"

గోదామంతా నవ్వింది, బావ అందరికన్నా ముందు. "మీరు రావాలని రాసినం" అన్నాను.

"వస్తిమి గద. ఇగ చెప్పు, లేదని నీకెట్ల ఎరుక?" అని ఆమె కాళ్లు చాపుకుని కూర్చుంది.

అంత మంచి ప్రశ్న అంతకుముందు నన్నెవరూ అడగలేదు. ఉపన్యాసం కాగితం మడిచి జేబులో పెట్టి మాట్లాడాను. వాళ్లు ఎదురు వాదించారు, ఎవరూ లేచి పోలేదు. చిన్నాయన మళ్లీ అల్లం ఊసెత్తలేదు. అవ్వ మాత్రం పోతూ పోతూ తన నిమ్మకాయ నా చేతిలో పెట్టి, "ఉంచుకో బిడ్డా, ఎందుకన్న మంచిది" అంది.

ఇప్పటికీ వ్యాసానికి శీర్షిక పెట్టేటప్పుడు, నిమ్మకాయ పట్టుకుని నిలబడ్డ ఆ హేతువాది గుర్తొచ్చి నవ్వుకుంటాను. అతనికున్నంత ధీమా ఇప్పుడు నాకు లేదు. మీరు మాత్రం ఊరుకోకండి. రేపు ఎక్కడ పెద్దక్షరాలు కనిపించినా, అవి నావే అయినా సరే, రాసినవాణ్ని నిలబెట్టి, "నీకెట్ల ఎరుక?" అని ఆ అవ్వలా అడగండి.