మంగళగిరి చీర మీద రాక్షసబల్లులు

చీర కనపడితే చాలు, వెంకటకృష్ణారావు మేష్టారికి భూమి పుట్టుక గుర్తొచ్చేది. పటమటలో ఉండే రిటైర్డ్ జువాలజీ లెక్చరరాయన. తొంభై ఎనిమిది వేసవిలో, గవర్నర్‌పేటలో చీరలకొట్టు నడిపే బాజీకి శనిలా పట్టుకున్నారు.

"బాజీ, ఆ మంగళగిరి చీర విప్పవయ్యా!"

యాభై విప్పించి ఒక్కటీ కొనకపోయినా నవ్వుతూ మడతపెట్టుకోవాలి. అది చీరలకొట్టు ధర్మం. బాజీ విప్పేవాడు, కూతురు జుబియా మడతపెట్టేది. ఇంటర్‌లో జువాలజీ తప్పింది పాపం. నర్సింగ్ చదవాలని దాని ఆశ.

"పుస్తకం చూస్తేనే ఏడుస్తోందండీ. ట్యూషన్ మాటెత్తకండి. సప్లిమెంటరీ కూడా తప్పితే చదువు బంద్, కొట్లోనే ఉంటుంది" అని బాజీ మేష్టారికి తేల్చేశాడు.

ఓరోజు శౌరమ్మ అనే పెద్దావిడ పెళ్ళిబట్టలకొచ్చి, అద్దం ముందు చీర భుజాన వేసుకుంది. మేష్టారు ఊరుకుంటేనా!

"అమ్మా, ఈ చీర పొడవంతా భూమి వయసనుకోండి. ఈ కొసన భూమి పుట్టింది. కుచ్చిళ్ళనిండా సూక్ష్మజీవులే!"

"ఛీ ఛీ!"

"పైట సగానికొచ్చాకే పురాజీవ యుగం, చేపలు. చివర జానెడున్నర ఉందనగా మధ్యజీవ యుగం, రాక్షసబల్లులు. ఆఖరి నాలుగు వేళ్ళ వెడల్పూ నవ్యజీవ యుగం, పాలిచ్చే జంతువులదే రాజ్యం."

"మరి మనుషులో?"

"కొసన ఒక్క దారప్పోగు."

శౌరమ్మ చీర అక్కడే పడేసి మెట్లు దిగింది.

"ఈయన నా కొంప ముంచేట్టున్నాడ్రా దేవుడా!" అని బాజీ పైకే అన్నాడు.

"తొందరెందుకు బాజీ? భూమి నాలుగొందల అరవై కోట్ల ఏళ్ళు ఓపిక పట్టింది."

జుబియా చున్నీ అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు.

సప్లిమెంటరీ ఫలితాలొచ్చాయి. జుబియా పాసైంది! బాజీ నోరు వెళ్ళబెట్టాడు.

"పుస్తకం ముట్టుకోలేదు కదే, ఎలా రాశావ్?"

"సార్ రోజూ చెప్పారుగా నాన్నా! గళ్ళచీర విప్పించి జీవకణం, చారలచీర విప్పించి వానపాము."

బాజీ ఆటో ఎక్కి పటమట పరుగెత్తాడు. మేష్టారి చేతులు పట్టుకున్నాడు.

"ముందే చెబితే కుర్చీ వేసేవాణ్ణి కదండీ!"

"చెబితే ట్యూషనైపోయేది, పిల్ల మళ్ళీ బెదిరేది. నువ్వు నన్ను తిడుతుంటే నవ్వుకుంటూ నేర్చుకుంది."

బాజీ కాస్త ఆలోచించాడు.

"అయితే పాఠం చెప్పడంలో నాకూ వాటా ఉందన్నమాట!"

"సగం నీదేనయ్యా. మనసుపెట్టి తిట్టావు."