ఖాసిం రేకుల మీది వాన

పదకొండేళ్ల కిందట నలుగురి ముందు ఒక మాట అన్నాను. చిన్న మాటే. దాని బరువు ఇవాళ్టికీ నా మీదినుంచి దిగలేదు. మీకు చెప్తున్నాను. క్షమించమని అడగడానికి మాత్రం కాదు, ఆ సంగతి ముందే తెలుసుకోండి. నా పేరు రాయను. రాసే ధైర్యం లేదు, అంతే.

నేను గుంటూరులో తెలుగు పంతుల్ని. ఎండలూ వానలూ గాలులూ మనుషుల్లా మసిలే పద్యాలు రాసి పేరు తెచ్చుకున్నాను. ఇంత కొత్త చూపు ఎక్కడిదండీ అని సభల్లో అడిగేవారు. ఒంటరిగా పొలాల వెంట తిరుగుతానండీ అనేవాణ్ణి. తిరిగిన మాట నిజమే. చూపు మాత్రం అక్కడ దొరికింది కాదు.

చూపు ఖాసింది. బ్రాడీపేటలో దుకాణాలకు బోర్డులు రాసేవాడు. అక్షరాల తప్పులు చూసిపెట్టమని నన్ను పిలిచేవాడు. అలా స్నేహం కుదిరింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, ఒక మధ్యాహ్నం, గోడవైపు తిప్పిపెట్టిన ఎనిమిది ఇనప రేకులు తీసి చూపించాడు. బోర్డులకు పోగా మిగిలిన రంగులతో వేసిన బొమ్మలు. రోహిణి కార్తె వడగాలి, తలుపు తట్టకుండా లోపలికొచ్చి మంచినీళ్ల కుండ ముందు కూర్చున్న పొడుగాటి మనిషి. గాలివాన, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని పురుడు పోయడానికి పరుగెత్తుకొస్తున్న మంత్రసాని. మిరప కల్లాల మీద కురిసిన అకాల వాన, పిలవని ఇంటికి తడికాళ్లతో వచ్చి గుమ్మంలో నిలబడ్డ చుట్టం.

“దాన్ని అందరూ తిడతారు గానీ మాస్టారూ, కాయలు ఆరబోసుకున్నారని దానికేం తెలుసండీ?” అన్నాడు ఖాసిం.

నా పుస్తకంలో అందరూ మెచ్చుకునే పాదం అదే. అది అతని మాట. తక్కిన పద్యాలు ఆ బొమ్మలు చూసి రాసినవే అయినా, మాటలు నావి. ఒక్కొక్క దానికి ఎన్ని కాగితాలు చించానో నాకు తెలుసు. పుస్తకం అచ్చయింది. ముందుమాటలో ఖాసిం పేరు లేదు. ఒక కాపీ ఇస్తే కళ్లకద్దుకున్నాడు. అతను ఏమీ అడగలేదు. అడగనివాడికి చెప్పనక్కర్లేదని ఎవరు నేర్పారు నాకు?

మరుసటి ఏడు ఊళ్లో బొమ్మల ప్రదర్శన పెడితే ఖాసిం ఆ రేకులు తెచ్చాడు. మొదటిసారి నలుగురికీ చూపించడం. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. భార్యను వెంటబెట్టుకొచ్చాడు. ఒక లెక్చరరు బొమ్మలు చూసి నావైపు తిరిగి, “ఇవి మీ పద్యాలే కదండీ! మీ పుస్తకం చూసి వేశాడన్నమాట” అన్నారు.

అందరూ నన్ను చూశారు. ఖాసిం కూడా చూశాడు.

“పోనివ్వండి. ఏదో అభిమానంతో వేశాడు” అన్నాను.

కాదు, బొమ్మలే ముందు అనడానికి ఎంతసేపు పడుతుంది? భయపడ్డానా? లేదు. ఆ క్షణంలో నాకు హాయిగా ఉంది. అదీ చెప్పాలి. పెద్దమనసు గలవాణ్ణని జనం అనుకుంటుంటే, ఒక మనిషిని నిలువునా దొంగను చేసి, పైగా అతని భుజం తట్టాను.

కొన్నాళ్లకు బజారులో ఎరువుల కొట్టు మీద కొత్త బోర్డు కనిపించింది. పసుపు రంగు అంచు కింద తడికాళ్లు రెండు, ఇంకా పూర్తిగా కప్పుకుపోలేదు. అక్కడినుంచి తిన్నగా ఖాసిం దగ్గరికి వెళ్లాను.

“ఏం చేశావయ్యా ఖాసిం?”

“రేకులు దొరకట్లేదు మాస్టారూ. ఎనిమిదీ వాడేశా.”

“అంత మంచి బొమ్మలు...”

“కాపీ బొమ్మలు ఎవరు దాచుకుంటారండీ?” అన్నాడు కుంచె తుడుచుకుంటూ. కోపం లేదు. కుంచె పక్కన పెట్టి అన్నాడు: “మీరా మాట అన్నప్పుడు మా ఆవిడ పక్కనే ఉందండి. ఇంటికెళ్లాక, నిజంగా ఆయన పుస్తకం చూసే వేశావా అని అడిగింది. ఏం చెప్పమంటారు?”

ఆ ఏడే వాళ్లు చీరాల వెళ్లిపోయారు. పోయినేడు ఖాసిం చనిపోయాడని తెలిసింది.

ఈమధ్య ఒక మిత్రుడికి సగం చెప్పాను. కవి ఎక్కడినుంచైనా తీసుకుంటాడు, తప్పేముంది అన్నాడు. ఒళ్లు మండింది. ఆ ఓదార్పు నాకక్కర్లేదు. మీరూ అనకండి. పద్యాలు రాసినందుకు నేను సిగ్గుపడను. ఆ రేకులు మళ్లీ నా ముందు పెడితే మళ్లీ రాస్తాను. బొమ్మ చూసి పద్యం రాయడం నేరమని నన్నెవరూ ఒప్పించలేరు. వేసినవాణ్ణి అతని భార్య ముందే కాపీగాణ్ణి చేశాను. నా తప్పు అది. దాన్ని తగ్గించి చెప్పను, ఎవరినీ తగ్గించనివ్వను.

ఆమె చీరాలలో ఎక్కడుందో నాకు తెలియదు. ఆమె అడిగినదానికి జవాబు చెప్పాల్సింది నేను.

లేదమ్మా. నీ భర్త ఎవరి పుస్తకమూ చూసి వేయలేదు. అతని బొమ్మలు చూసి నేనే రాశాను.