మాత్ర వేసుకున్నవా

పోయిన ఎండాకాలం నాచారంలో ఉప్పల్ బస్సెక్కితే నా పక్కన ఒకామె కూర్చుంది. కూర్చోగానే మొగుడికి ఫోన్ చేసి తిట్టడం మొదలుపెట్టింది. "బీపీ మాత్ర ఏస్కున్నవా లేదా? తలకాయ నొస్తేనే ఏస్కుంటనంటే గాదు, రోజు ఏస్కోవాలె."

ఫోన్ పెట్టేసి నాతో చెప్పింది. వాళ్ల ఆయన కాంట్రాక్టు కూలీ అట. కంపెనీ, సర్కారు కలిసి ఇప్పుడు గేటు దగ్గరే అందరికీ బీపీ చూస్తున్నారట. మాత్రలు బస్తీ దవాఖానాలో ఊరికే ఇస్తారట. ఏ కంపెనీ అని అడిగితే, మా ఆయన పనిచేసిన కంపెనీ పేరే చెప్పింది.

మా ఆయన ఉన్నప్పుడు కూడా ఆ గేటుకు పరీక్షల బండి వచ్చేది. పర్మినెంటోళ్లకే చూసేవాళ్లు. కాంట్రాక్టోళ్లను సర్కారు చూసుకుంటుందని కంపెనీ, కంపెనీ చూసుకుంటుందని సర్కారు వదిలేశాయి. ఆయన లైన్లో నిలబడి తిరిగొచ్చాడు. ఒకరోజు మిషను దగ్గరే పడిపోయాడు. తలలో నరం చిట్లిందన్నారు. బీపీ ఉందని ఆ రోజే తెలిసింది.

ఆమె తిట్లు విని నాకు కడుపు మండింది. అంత తిట్టడానికి ఆమెకు మనిషి ఉన్నాడు. నేను బొట్టు తియ్యలేదు కాబట్టి నా సంగతి ఆమెకు తెలియదు.

"మీ ఆయన మాత్రలు ఏస్కుంటడా అక్కా?" అంది.

"ఏడ ఏస్కుంటడు. నేను మొత్తుకుంటె గని ఏస్కోడు" అన్నాను.

"మొగోళ్లంతా గంతే" అని నవ్వింది.

ఉప్పల్ వచ్చేదాకా ఇద్దరం మా మొగుళ్ల మీద చాడీలు చెప్పుకుంటూనే ఉన్నాం.