జోలాపుట్‌లో నాన్న వేసిన లైటు

నిన్న పొద్దున్నే మేడ మీద టార్పాలిన్ ఆరేస్తుంటే, ఆ తడి వాసనకి జోలాపుట్ రిజర్వాయరు గుర్తొచ్చింది.

ఆ నీళ్ళతోనే కరెంటు తీసే మాచ్‌ఖండ్ పవర్‌హౌస్‌లో నాన్న ఆపరేటరు. కాలనీలో పోయిన కరెంటు తిరిగొచ్చినప్పుడల్లా అమ్మ, "మీ నాన్న ఇచ్చేడు" అనేది. లోకంలో వెలుతురంతా ఆయన చేతిలోనే ఉందని నేను నమ్మేదాన్ని.

ఒక చలికాలం ముగ్గురం ఆ రిజర్వాయరు ఒడ్డున టార్పాలిన్‌తో గుడారం వేసుకున్నాం. తెల్లవారుజామున లేచి చూస్తే అంతా మంచు. నీళ్ళు లేవు, కొండలు లేవు, పక్కనున్న నాన్న మొహం కూడా సరిగా కనబడలేదు.

"కరెంటు పోయిందేటి నాన్నా?"

"ఉండమ్మీ, ఇప్పుడే ఏస్తాను." నాన్న నవ్వి, వంగి, వేలితో నీళ్ళని తాకాడు.

కాసేపటికి మంచు విడిపోయింది. కొండ మీంచి ఎండ దిగి, ఆ నీళ్ళన్నీ ఒక్కసారిగా వెలిగాయి. నేను అమ్మ కొంగు పట్టుకుని నోరు తెరిచి చూస్తుండిపోయాను. అంతలోనే బెంగ పుట్టింది.

"మనం ఎళ్ళిపోతే దీన్నెవులు ఆర్పుతారు?"

"సాయంత్రం షిఫ్టోడు వస్తాడు కదా," అన్నాడు నాన్న, టీ ఊదుకుంటూ.

సూర్యుడి సంగతి తర్వాత బళ్ళో చదువుకున్నాను. నాన్న పోయి చాలా ఏళ్ళయింది. నిన్న ఆ టార్పాలిన్ మీద తొలి ఎండ పడగానే మాత్రం, పక్కన ఎవరూ లేకపోయినా, పైకే అన్నాను: "నాన్న ఇచ్చేడు."